కమాండ్ లైను నుండి వెబ్ పఠనం: అక్షరాల బ్రౌజరు వాడుక

2011 సెప్టెంబరు 15న తిరువళ్లూరు సమీపమందలి కాకళూరులో తమిళనాడు ప్రభుత్వపు ఉచిత ల్యాప్‌టాప్ పథకం ప్రారంభమైనది. ఆ పథకం క్రింద అటు తరువాత మన పిల్లలు అందుకొన్న యంత్రాలలో అనేకం నేడు శోళవరం, పొన్నేరి, గుమ్మిడిపూండి, ఊత్తుకోట ప్రాంతాల ఇళ్లలో అటక మీదికి చేరినవి. యంత్రం చెడిపోలేదు. నేటి వెబ్ పుటల బరువును మోయలేక అది మూలబడినది. బ్రౌజరు తెరవగానే గిరగిర తిరుగు గుర్తు తప్ప మరేమీ కనిపించదు. అట్టి యంత్రం మీద, బలహీనమైన సిగ్నల్ మీద కూడ వెబ్ పుటలను చదువుకొనుటకు ఒక పాత మార్గం ఇంకను సజీవంగా ఉన్నది. అది కమాండ్ లైను నుండి నడుచు అక్షరాల బ్రౌజరు. దాని స్వరూపం, వాడుక, పరిమితులు ఈ వ్యాసంలో వివరింపబడినవి.

అక్షరాల బ్రౌజరు అనగా నేమి

వెబ్ పుట అనునది ప్రధానంగా అక్షరాలతో కూడిన ఒక ఫైలు. బొమ్మలు, వీడియోలు, ప్రకటనలు, పుటను కదిలించు జావాస్క్రిప్ట్ అను చిన్న ప్రోగ్రాములు దాని వెంట వచ్చు అదనపు సరుకు. సాధారణ బ్రౌజరు ఈ సరుకునంతటిని దింపుకొని తెర మీద పేర్చును. అక్షరాల బ్రౌజరు ఆ మొదటి ఫైలును మాత్రమే తెచ్చి, అందలి వచనాన్ని, లంకెలను చూపి ఊరకుండును. బొమ్మ ఉన్నచోట దాని పేరు మాత్రమే కనబడును. మౌస్ అవసరం లేదు. పని యావత్తూ కీబోర్డు మీటలతోనే సాగును.

కమాండ్ లైను అనగా బొమ్మల మీద నొక్కుటకు బదులుగా ఆదేశాన్ని అక్షరాలలో టైపు చేసి యంత్రానికి చెప్పు పద్ధతి. ఆ ఆదేశాన్ని టైపు చేయు కిటికీకి టెర్మినల్ అని పేరు.

పూర్వ చరిత్ర

వెబ్ పుట్టిన తొలి రోజులలో అక్షరాల బ్రౌజరే అందరికీ అందుబాటులో ఉన్న సాధనం. స్విట్జర్లాండులోని సెర్న్ పరిశోధన సంస్థలో టిమ్ బెర్నర్స్-లీ వ్రాసిన మొదటి బ్రౌజరు నెక్స్ట్ అను ఒకే రకం కంప్యూటరు మీద నడిచెడిది. అన్ని రకాల యంత్రాల మీద నడుచునట్లు అదే సంస్థలో నికోలా పెల్లో అను విద్యార్థిని లైన్ మోడ్ బ్రౌజరును వ్రాసినది. అందులో ప్రతి లంకెకు ఒక సంఖ్య ఉండెడిది. ఆ సంఖ్యను టైపు చేసిన ఆ పుట తెరచుకొనెడిది.

1992లో అమెరికాలోని కాన్సస్ విశ్వవిద్యాలయంలో లూ మోంటుల్లి, మైకేల్ గ్రోబ్, చార్లెస్ రెజాక్ అనువారు లింక్స్ అను బ్రౌజరును తయారుచేసిరి. ఆంగ్లంలో దీనిని ఎల్, వై, ఎన్, ఎక్స్ అను నాలుగక్షరాలతో వ్రాయుదురు. ఆ పదానికి ఒక జాతి అడవి పిల్లి అని అర్థం. లంకెలను సూచించు మాటతో ఉచ్చారణ కలియునట్లు ఆ పేరు పెట్టిరి. నేటికీ సవరణలు పొందుతూ వాడుకలోనున్న బ్రౌజర్లలో ఇదియే అన్నింటికంటె పాతది.

మన దేశంలో 1995 ఆగస్టు 15న విదేశ్ సంచార్ నిగమ్ సంస్థ ప్రజలకు ఇంటర్నెట్ సేవను ప్రారంభించినది. మద్రాసు ఆ మొదటి నగరాలలో ఒకటి. ఆ రోజులలో విద్యార్థులకు తక్కువ ధరకు ఇచ్చిన షెల్ ఖాతాలో బొమ్మలు కనిపించెడివి కావు. టెలిఫోను తీగ మీదుగా నల్లని తెరపై అక్షరాలు మాత్రమే వచ్చెడివి. మన తరంలో అనేకులు వెబ్‌ను మొదట చూచినది ఈ రూపంలోనే.

ఆ తెరలకు తెలుగు లిపి తెలియదు. కనుక విదేశాలలోని తెలుగువారు సాక్ కల్చర్ ఇండియన్ తెలుగు అను న్యూస్ గ్రూపులో తెలుగును ఆంగ్లాక్షరాలలో వ్రాసికొనెడివారు. అట్లు వ్రాసినదానిని తెలుగు లిపిలోకి మార్చుటకు అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన పద్ధతియే ఆర్‌ఐటీ. నేడు ఆ అవస్థ లేదు. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి కూర్పులోనే తెలుగుకు స్థానం లభించినది. 2003 డిసెంబరు 10న తెలుగు వికీపీడియా ప్రారంభమైనది. అది మొత్తం యూనికోడ్‌లోనే ఉన్నది.

సరిహద్దు పల్లెకు దీనివలన ప్రయోజనం

మొదటిది డేటా పొదుపు. నేటి వెబ్ పుట సాధారణంగా రెండు మెగాబైట్లకు పైబడి ఉండును. చాలా మొబైలు పథకాలలో రోజువారీ డేటా అయిపోగానే వేగం సెకనుకు 64 కిలోబిట్లకు పడిపోవును. ఆ వేగంతో రెండు మెగాబైట్ల పుట రావలెనన్న నాలుగు నిమిషాలకు పైగా పట్టును. అదే పుటలోని వచనం ముప్పది కిలోబైట్లున్నదనుకొన్న నాలుగు సెకనులలో వచ్చును. రాత్రి పదకొండు గంటలకు పరీక్షకు చదువుచున్న పిల్లకు ఈ తేడా చిన్నది కాదు.

రెండవది తుపాను కాలం. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను చెన్నై, తిరువళ్లూరు జిల్లాలను ముంచెత్తి, 5వ తేదీన బాపట్ల సమీపమున తీరం దాటినది. అనేక చోట్ల కరెంటు, సెల్ సిగ్నల్ రోజుల తరబడి కుంటుపడినవి. శోళవరం చెరువు నిండు సామర్థ్యం 1,081 మిలియన్ ఘనపుటడుగులు. పుళల్ చెరువుది 3,300. ఈ చెరువుల నీటి మట్టాన్ని చెన్నై మెట్రోవాటర్ సంస్థ ప్రతిదినం ప్రకటించును. చెరువు క్రింది పల్లెవారికి అట్టి దినాలలో కావలసినది నాలుగు అంకెలు, నాలుగు వాక్యాల హెచ్చరిక. బొమ్మలు కావు. సిగ్నల్ బొత్తిగా లేనప్పుడు ఏ బ్రౌజరూ పనికిరాదు. కాని వచ్చీ రాని సిగ్నల్ ఉన్నప్పుడు అక్షరాల బ్రౌజరు పుటను తేగలదు.

మూడవది తెలుగు చదువు. 1960 ఏప్రిల్ 1న తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతాలు చిత్తూరు జిల్లా నుండి మద్రాసు రాష్ట్రానికి, పొన్నేరి, తిరువళ్లూరు తాలూకాలలోని కొన్ని గ్రామాలు ఆంధ్ర ప్రదేశ్‌కు మారినవి. గీత ఎటు గీచినను రెండు వైపులా తెలుగిళ్లు మిగిలినవి. 2006 నాటి చట్టం ప్రకారం తమిళనాడు పాఠశాలలలో తమిళం తప్పనిసరి మొదటి భాష అయినది. పిల్లలు తమిళం నేర్వవలసినదే. తెలుగు మాత్రం చాలా ఇళ్లలో మాటలకే పరిమితమై, అక్షరానికి దూరమగుచున్నది. తెలుగు వికీసోర్సులో వేమన పద్యాలు, సుమతీ శతకం వంటివి ఎవరైనను ఉచితంగా చదువుకొనునట్లు ఉన్నవి. వాటిని ఇంటికి తెచ్చుకొని ముద్రించుకొనుటకు అక్షరాల బ్రౌజరు మిక్కిలి అనువైన సాధనం. ఆ విధానం దిగువ ఉన్నది.

నాల్గవది చూపులేని వారికి ఉపకారం. తెరమీది అక్షరాలను చదివి వినిపించు స్క్రీన్ రీడరుకు ప్రకటనలు, మెరుపులు లేని శుద్ధ వచనం సులభమగును. ఈస్పీక్ ఎన్‌జీ అను ఉచిత వాచక ప్రోగ్రాము తెలుగును కూడ చదువగలదు.

స్థాపించు విధానం

ఈ వ్యాసంలో ఆదేశాలు తెలుగు లిపిలో ఉన్నవి. వాటిని టెర్మినల్‌లో ఆంగ్ల చిన్న బడి అక్షరాలతో టైపు చేయవలెను. పదానికి పదానికి నడుమ ఒక ఖాళీ ఉండవలెను.

ఉబుంటు, డెబియన్ వంటి లినక్స్ ఉన్న యంత్రంలో: కంట్రోల్, ఆల్ట్, టి మీటలను ఒకేసారి నొక్కిన టెర్మినల్ తెరచుకొనును. అందు సుడో, ఆప్ట్, ఇన్‌స్టాల్, లింక్స్ అను నాలుగు పదాలను వరుసగా టైపు చేసి ఎంటర్ నొక్కవలెను. సుడో అనునది ఎస్, యు, డి, ఓ అక్షరాలు. ఆప్ట్ అనునది ఏ, పి, టి. యంత్రం మీ పాస్‌వర్డు అడుగును. టైపు చేయునప్పుడు తెరమీద ఏమియు కనబడదు. అది లోపం కాదు. టైపు ముగించి ఎంటర్ నొక్కిన చాలును.

విండోస్ ఉన్న యంత్రంలో: విండోస్ 10, 11లలో డబ్ల్యూఎస్ఎల్ అను సదుపాయం ద్వారా లినక్స్‌ను లోపలనే నడిపి పై ఆదేశాన్నే ఇవ్వవచ్చును. కాని మిక్కిలి పాత ల్యాప్‌టాప్‌కు ఇది భారమగును. దానికి తేలికైన లినక్స్ కూర్పును నేరుగా స్థాపించుట మేలు. అట్లు చేయుటకు ముందు యంత్రంలోని ఫోటోలు, పత్రాలు పెన్ డ్రైవుకు ఎక్కించుకొనుట మరువరాదు.

ఆండ్రాయిడ్ ఫోనులో: టెర్మక్స్ అను ఉచిత ఆప్‌ను ఎఫ్-డ్రాయిడ్ నుండి దింపుకొని, పికెజి, ఇన్‌స్టాల్, లింక్స్ అను మూడు పదాలు టైపు చేయవలెను.

మొదటి పుట

టెర్మినల్‌లో లింక్స్ అని టైపు చేసి, ఒక ఖాళీ విడిచి, కావలసిన చిరునామా వ్రాసి ఎంటర్ నొక్కవలెను. తెలుగు వికీపీడియా చిరునామా టీఈ డాట్ వికీపీడియా డాట్ ఓఆర్‌జీ. దానికి ముందు హెచ్‌టీటీపీఎస్, రెండు చుక్కలు, రెండు ఏటవాలు గీతలు చేర్చుట మంచిది.

కొన్ని స్థలాలు తెరచునప్పుడు కుకీని అనుమతించెదరా అని లింక్స్ అడుగును. వై నొక్కిన అవును, ఎన్ నొక్కిన కాదు, ఏ నొక్కిన ఆ స్థలానికి ఎల్లప్పుడూ అవును, వి నొక్కిన ఎన్నడూ వద్దు అని అర్థం. చదువుటకు మాత్రమే వెళ్లినచోట వి నొక్కవచ్చును.

ముఖ్యమైన మీటలు

కింది బాణం, పై బాణం: ఒక లంకె నుండి మరొక లంకెకు పోవుటకు.
కుడి బాణం లేక ఎంటర్: ఎంచుకొన్న లంకెను తెరచుటకు.
ఎడమ బాణం: వెనుకటి పుటకు.
స్పేస్ మీట: తరువాతి తెరకు. బి: ముందటి తెరకు.
జి: క్రొత్త చిరునామా ఇచ్చుటకు.
ఏటవాలు గీత (/): పుటలో ఒక మాటను వెదకుటకు. ఎన్: అదే మాట మరల ఎక్కడున్నదో చూచుటకు.
ఏ: పుటను గుర్తుల పట్టికలో చేర్చుటకు. వి: ఆ పట్టిక చూచుటకు.
డి: ఎంచుకొన్న లంకెలోని ఫైలును దింపుకొనుటకు.
పి: పుటను ఫైలుగా భద్రపరచుటకు లేక ముద్రించుటకు.
జెడ్: రాక ఆలస్యమగుచున్న పుటను మధ్యలో ఆపుటకు.
ఓ: అమరికలు మార్చుటకు.
హెచ్: సహాయం కొరకు.
క్యూ: ముగించుటకు. నిజముగా ముగించెదరా అని అడుగును. పెద్ద బడి క్యూ నొక్కిన అడుగకనే ముగించును.

వెదకు పెట్టె వంటి ఖాళీలు తెరమీద క్రింది గీతల వరుసగా కనబడును. అందు నిలిచినప్పుడు పై అక్షరాలు ఆదేశాలుగా పనిచేయవు. టైపు చేసినది ఖాళీలో పడును. బాణం మీటతో బయటకు వచ్చిన తరువాత అవి మరల ఆదేశాలగును.

తెలుగు అక్షరాల చిక్కు

క్రొత్తగా వాడువారు ఎక్కువగా నిరాశ చెందునది ఇచ్చటనే. తెలుగు పుట తెరచినప్పుడు రెండు రకాల చిక్కులు రావచ్చును. వాటిని వేరుపరచి చూడవలెను.

మొదటిది, తెలుగుకు బదులు ప్రశ్నార్థకాలు లేక ఆంగ్లాక్షరాలు కనబడుట. ఇది అక్షర సముదాయపు అమరికలోని దోషం. ఓ నొక్కి, డిస్‌ప్లే క్యారెక్టర్ సెట్ అనుచోట యూటీఎఫ్-8ను ఎంచుకొనవలెను. అమరికలను డిస్కులో భద్రపరచు గడిని కూడ గుర్తించి అంగీకరించిన, ప్రతిసారి మార్చు పని ఉండదు.

రెండవది, తెలుగే కనబడును గాని వత్తులు, గుణింతాలు విడిపోయి అక్షరాలు చెదరియుండుట. టెర్మినల్ తెరను సమానమైన గళ్లుగా విభజించి ఒక్కొక్క గడిలో ఒక్కొక్క అక్షరాన్ని ఉంచును. ఆంగ్లానికి అది సరిపోవును. మన లిపిలో హల్లు, పొల్లు, వత్తు, స్వరం కలిసి ఒకే అక్షరమగును. 'స్త్రీ' అను ఒక్క అక్షరం యూనికోడ్‌లో ఆరు సంకేతాల కూర్పు. దానిని గళ్లలో ఇరికించుట చాలా టెర్మినళ్లకు చేతకాదు. అయితే తెరమీద అక్షరం చెదరినంతమాత్రాన పుటలోని వచనం చెడినట్లు కాదు. సంకేతాలు క్రమంగానే ఉండును. అదే వచనాన్ని ఫైలుగా దాచి సాధారణ ఎడిటరులో తెరచిన వత్తులన్నియు యథాస్థానానికి వచ్చును. తెలుగు పాఠకులకు తరువాతి ప్రకరణమే అసలైన ఉపయోగం.

2000-2010 నాటి కొన్ని తెలుగు వెబ్ పుటలు తమ సొంత ఖతుల మీద నడిచెడివి. అట్టి పాత పుటలు నేడు తెరచిన అర్థం లేని గుర్తులు మాత్రమే వచ్చును. అది బ్రౌజరు దోషం కాదు. ఆ పుటలో ఉన్నవి యూనికోడ్ తెలుగు సంకేతాలు కానేకావు.

పుటను ఫైలుగా దాచుట

లింక్స్‌కు డంప్ అను ఐచ్ఛికం ఉన్నది. అది పుటను తెరమీద చూపక, వచనాన్ని మాత్రం కుమ్మరించి ముగియును. ఆదేశంలోని భాగాలు ఈ వరుసలో ఉండవలెను.

1. లింక్స్ అను పదం.
2. అడ్డగీత, దానికి ఆనుకొని డంప్ అను పదం.
3. అడ్డగీత, దానికి ఆనుకొని నోలిస్ట్ అను పదం. ఇది చివర వచ్చు లంకెల జాబితాను తొలగించును.
4. పుట చిరునామా.
5. > అను గుర్తు.
6. మీరు పెట్టదలచిన ఫైలు పేరు, చివర చుక్క, టిఎక్స్‌టి.

ఎంటర్ నొక్కగానే కొద్ది సెకనులలో ఫైలు సిద్ధమగును. అదే పేరుతో ఫైలు ముందే ఉన్నయెడల > గుర్తు దానిని చెరిపి క్రొత్తది వ్రాయును. కనుక ప్రతిసారి వేరు పేరు పెట్టవలెను. పాతదాని చివర చేర్చవలెనన్న >> అని రెండుసార్లు వాడవలెను.

తెలుగు పేరుగల పుట చిరునామాను వేరొక బ్రౌజరు నుండి నకలు చేసికొన్నప్పుడు అది శాతం గుర్తులతో చాంతాడంత పొడవుగా వచ్చును. యూటీఎఫ్-8లో ఒక్కొక్క తెలుగు సంకేతానికి మూడు బైట్లు. చిరునామాలో ఒక్కొక్క బైటుకు మూడు గుర్తులు. అనగా సంకేతానికి తొమ్మిది గుర్తులు. భయపడక దానిని అట్లే అతికింపవలెను. టెర్మినల్‌లో అతికించుటకు కంట్రోల్, షిఫ్ట్, వి మీటలు. చిరునామాకు రెండు వైపులా ఒంటి కొటేషన్ గుర్తులుంచిన, అందలి ప్రత్యేక గుర్తులను టెర్మినల్ తప్పుగా అర్థం చేసికొనదు.

ఫైలును లిబ్రెఆఫీస్ వంటి దానిలో తెరచి, పైనా క్రిందా మిగిలిన మెనూ మాటలను తీసివేయవలెను. వాక్యాలు నడుమ విరిగియున్నచో కలుపుకొనవలెను. అటుపై తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000 వంటి ఉచిత యూనికోడ్ ఖతిని ఎంచుకొని, అక్షర పరిమాణం పదునెనిమిదికి పెంచి ముద్రించిన, అప్పుడప్పుడే అక్షరాలు కూడుకొనుచున్న పిల్లలకు చక్కని పఠన పత్రమగును. వారానికొక పుట చొప్పున చేసినను ఏడాదికి యాబదికి పైగా పుటలు ఇంట చేరును. తాతగారు చదివి వినిపింప, మనుమరాలు తిరిగి చదువుటకు ఇంతకు మించిన ఏర్పాటు అవసరం లేదు.

పనికిరాని చోట్లు

లింక్స్ జావాస్క్రిప్ట్‌ను నడుపదు. కనుక బ్యాంకు లావాదేవీలు, రైలు టికెట్లు, వీడియోలు, బొమ్మలోని అక్షరాలను టైపు చేయమను ధ్రువీకరణ గల పుటలు ఇందు జరుగవు. పరీక్షా ఫలితాల పుటలు, ధ్రువపత్రాల దరఖాస్తులు కూడ చాలా వరకు ఈ కోవలోనివే. వాటికి సాధారణ బ్రౌజరునే ఆశ్రయింపవలెను. వాతావరణ శాఖ ప్రకటనలలో కొన్ని పీడీఎఫ్ రూపంలో ఉండును. లింక్స్ వాటిని తెరమీద చూపలేదు గాని డి మీటతో దింపి ఇవ్వగలదు.

వార్తలు, విజ్ఞాన వ్యాసాలు, నిఘంటువులు, పాత గ్రంథాలు చదువుటకు ఇది మేలైనది. చదువుట ఒక పని, లావాదేవీ మరొక పని అని గుర్తుంచుకొన్న చాలును.

సాధారణ చిక్కులు, పరిష్కారాలు

పుట ఖాళీగా వచ్చుట: ఆ స్థలం జావాస్క్రిప్ట్ మీద ఆధారపడినది. అదే సమాచారం మరొక స్థలంలో వెదకవలెను.

సర్టిఫికెట్ సరిగా లేదను హెచ్చరిక: ముందుగా యంత్రంలోని తేదీ చూడవలెను. అటకమీది ల్యాప్‌టాప్‌లో లోపలి చిన్న బ్యాటరీ నీరసించి తేదీ ఏళ్ల వెనుకకు పోయియుండవచ్చును. తేదీ సరిచేసిన హెచ్చరిక తొలగుట కద్దు. తేదీ సరిగానే ఉండి హెచ్చరిక వచ్చినయెడల ముందుకు పోరాదు.

కనెక్ట్ కాలేదను సందేశం: చిరునామాలో అక్షర దోషం, లేదా ఫోను హాట్‌స్పాట్ ఆగిపోవుట.

ఆదేశం కనబడలేదను సందేశం: లింక్స్ స్థాపన పూర్తి కాలేదు, లేదా పేరులో దోషమున్నది. వైకి బదులు ఐ వ్రాయుట తరచు జరుగు పొరపాటు.

ఇతర అక్షరాల బ్రౌజర్లు

ఎల్, ఐ, ఎన్, కె, ఎస్ అక్షరాలతో వ్రాయు మరొక లింక్స్ కూడ ఉన్నది. ఉచ్చారణ ఒకటే, ప్రోగ్రాము వేరు. దానిని 1999లో చెక్ దేశస్థుడు మికులాష్ పటోచ్కా ప్రారంభించెను. దాని నుండి 2001లో పుట్టినది ఈలింక్స్. ఎస్కేప్ మీట నొక్కిన వీటిలో మెనూ కనబడును గనుక మీటలు జ్ఞాపకముంచుకొను శ్రమ తక్కువ.

డబ్ల్యూ-త్రీ-ఎం అనునది 1995లో జపాను దేశస్థుడు అకినోరి ఇతో వ్రాసినది. పట్టికలను వరుస తప్పక చూపుటలో ఇది మెరుగు. చెరువుల మట్టాల వంటి అంకెల పట్టికలు చూచుటకు దీనిని వాడి చూడవచ్చును. ఇందు ట్యాబ్ మీటతో లంకెలకు పోవుట, పెద్ద బడి యుతో చిరునామా ఇచ్చుట, పెద్ద బడి బితో వెనుకకు వచ్చుట, క్యూతో ముగించుట. దీనికిని డంప్ ఐచ్ఛికం ఉన్నది.

ఇవన్నియు ఉచితం. ఒక్క సాయంకాలం కూర్చొన్న మీటలు చేతికి వచ్చును. తుపాను హెచ్చరిక వచ్చిన తరువాత నేర్చుకొనుటకు వ్యవధి ఉండదు. ఈశాన్య ఋతుపవనాలు అక్టోబరులో మొదలగునాటికే అటకమీది యంత్రాన్ని దింపి, తేదీ సరిచేసి, లింక్స్‌ను స్థాపించి, కావలసిన నాలుగు పుటలను గుర్తుల పట్టికలో చేర్చియుంచుట మేలు.